హైమవతిగారి హాల్లో కదలిక

నేను ఒక కదలిక పసిగట్టే పెట్టెను. అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దగా ఉంటాను, ముందువైపు మీగడ రంగు బుడిపె ఒకటి ఉంటుంది. నేను కొలువులో చేరింది జూలై పదకొండు, గురువారం. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో మునగాకు పప్పు, గుమ్మడి వడియాలు, పెరుగన్నంలోకి మాగాయ. ఆషాఢంలో మునగాకు తినాలని హైమవతిగారి అమ్మ చెప్పిందట. చెప్పిన మనిషి పోయి ముప్పయ్యేళ్లయినా ఆకు మాత్రం ఏటా ఉడుకుతూనే ఉంది. నన్ను గోడకు అంటించడానికి వచ్చిన బాషాగారికి కూడా విస్తరి వేశారు. ఆయన పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

ఇవన్నీ నీకెలా తెలుసని మీరు అడగవచ్చు. నాకు చూపు లేదు. మనిషి ఒంటి వేడి ఇటునుంచి అటు జరిగితే తెలుస్తుంది, అంతే. ఇక మాటలంటారా, గోడలకు చెవులుంటాయని మీరే అంటారు. నేనుండేది గోడ మీదే.

పుట్టింది ఏదో ఊరి శివారున, పొడుగాటి రేకుల షెడ్డులో. బల్లల వెంట వరసగా కూర్చున్న ఆడవాళ్లలో ఒకామె నాకు బ్యాటరీ వేసి, నా ముందు అరచెయ్యి ఊపింది. నేను ఎరిగిన మొదటి వేడి అదే. నాలో ఎర్రదీపం ఒకసారి మిణుక్కుమంది. "బతికే ఉంది" అని పక్క బుట్టలో వేసింది. మనుషులు పుట్టినప్పుడు కూడా మొదట చూసేది అదేనట.

నాతోపాటు మరో ముగ్గురు అట్టపెట్టెలో కాకినాడ చేరారు. జగన్నాథపురంలో ఒక పాత పెంకుటింటికి మమ్మల్ని తెచ్చారు. ముందున్నది పెద్ద హాలు. అందులో ఆరు టైపు మిషన్లు. వెనక ఒక పడకగది, వంటిల్లు, పెరటివైపు స్నానాలగది. ఆ ఇంట్లో ముక్కామల హైమవతిగారు ఒక్కరే ఉంటారు. డెబ్బై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఆరేళ్లుగా టైపు నేర్పుతున్నారు. ఇప్పటికీ పొద్దున్న ఆరింటికి నలుగురు ఆడపిల్లలు వచ్చి ఆ మిషన్ల మీద టకటకలాడిస్తారు.

మా అవసరం ఎందుకొచ్చిందంటే, మే నెలలో ఆవిడ పెరట్లో జారిపడి, లేవలేక గంటన్నరసేపు అక్కడే ఉండిపోయారు. పాలు పోసే ఆవిడ వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. అది విన్న దగ్గరనుంచీ తమ్ముడు దక్షిణామూర్తిగారికి కంటిమీద కునుకు లేదు. ఆయన సామర్లకోటలో రైల్వే గూడ్సు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. భార్య లలితాంబ కిందటేడు మాఘమాసంలో పోయింది. పిల్లలు లేరు.

బాషాగారు నిచ్చెన వేస్తుంటే అక్కాతమ్ముళ్లు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

"ఈ పెట్టెల గోలంతా ఎందుకక్కయ్యా? శుభ్రంగా మా ఇంటికొచ్చెయ్. ఇల్లు ఖాళీగానే ఉంది కదా."

"ఖాళీగా ఉందని నన్ను సామానులా పెడతావేంట్రా?"

"మాట వినవు కదా నువ్వు."

"విన్నాను గనకే గోడలకి తూట్లు పడతాయేమోనని చూస్తున్నాను. ఏమండీ బాషాగారూ, స్నానాలగదికి కూడానా? సిగ్గూ శరం ఉండక్కర్లా?"

"లోపల కాదండి అమ్మగారూ, బయట గుమ్మం మీదండి," అన్నారు బాషాగారు నొచ్చుకుంటూ. "ఇందులో బొమ్మ పడదండి. మనిషి ఎల్లారు, వచ్చారు అని తెలుస్తాదంతే. తూట్లు కూడా ఉండవండి, జిగురు బిళ్లేనండి."

మగవాళ్ల మాట మీద నమ్మకం లేకనో, అలవాటు కొద్దీనో, హైమవతిగారు తెలుగు మిషను ముందు కూర్చుని ఒక ఒప్పందం టైపు కొట్టారు. కార్తీక పున్నమి దాకా గడువు. పగటిపూట మూడు గంటలపాటు ఇంట్లో ఎక్కడా కదలిక లేకపోతే తమ్ముడి ఫోనుకు హెచ్చరిక వెళ్తుంది. గడువులోగా అలాంటిది ఒక్కటి వచ్చినా ఆవిడ మిషన్లు ఎవరికైనా ఇచ్చేసి సామర్లకోటకు మకాం మార్చవలెను. రాకపోతే ఆ ఊసు మళ్లీ ఎత్తరాదు. ఇద్దరూ సంతకాలు చేశారు. ఆయన కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నారు.

అలా హాలు నా వంతుకు వచ్చింది. మొదటి వారం ఆవిడ నా ముందునుంచి వెళ్లేటప్పుడు పైట సర్దుకునేవారు. రెండో వారం "ఇదిగో, వెళ్తున్నాను" అని చెప్పి మరీ వెళ్లేవారు. మూడో వారానికి నేనూ గోడ గడియారమూ ఒకటే అయిపోయాం. నా పని చిన్నది. హాలు, అయిదు నలభై. అది పంపేసరికి వంటింటి వాడు అందుకుంటాడు. వంటిల్లు, అయిదు నలభై రెండు. ఆ కబురు పన్నెండు కిలోమీటర్ల అవతల ఆయన ఫోనులో చిన్నగా మోగుతుందని తెలుసు గానీ, మోగితే ఏమవుతుందో మాకు తెలియదు.

ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. హెచ్చరిక రాలేదు. ఆవిడ మధ్యాహ్నం పడక్కుర్చీలో కునుకు తీస్తే రెండు గంటలకల్లా లేచి, అటూ ఇటూ నాలుగడుగులు వేసి మళ్లీ పడుకునేవారు. పరీక్ష రాసేవాడు గడియారం చూసుకున్నట్టు.

దసరా నవమినాడు ఆయుధపూజ. ఆ ఇంట్లో అది పెద్ద పండగ. హైమవతిగారు తెల్లవారకముందే తలంటుకుని, ఆరు మిషన్లనూ నూనెగుడ్డతో తుడిచి, పసుపు రాసి, గంధం మీద కుంకుమ పెట్టి, ఒక్కో దాని మీద బంతిపూలు ఉంచారు. కత్తిపీటకు పెట్టారు. రోలుకు పెట్టారు. కత్తెరకు, సూదులపెట్టెకు పెట్టారు. ఆ రోజు పనిముట్లకు సెలవు. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదని ఆవిడ నియమం. ఫోనును కూడా నోరు మూయించి, బొట్టు పెట్టి, పూల మధ్య పడుకోబెట్టారు.

తర్వాత స్టూలు ఈడ్చిన చప్పుడైంది. నా ముందు ఎన్నడూ లేనంత దగ్గరగా ఒక చేతి వేడి. ఆ వెంటనే చల్లగా, తడిగా, బుడిపె నిండా పసుపు ముద్ద. దాని మీద గంధం. దాని మీద కుంకుమ. మనిషి కింద పడితే చెప్పడం నా ఉద్యోగం. నన్ను గౌరవించడానికి ఆవిడ స్టూలెక్కారు. మిగిలిన ముగ్గురికీ అదే మర్యాద జరిగింది. తొమ్మిది దాటేసరికి ఆ ఇంట్లో, మాకు తెలిసినంతలో, ప్రాణి అన్నది లేదు.

ఇక్కడినుంచి కొంతసేపు నేను విన్నదే చెబుతున్నాను.

ఒంటిగంట దాటాక వీధిలో ఆటో ఆగింది. ఎవరో గుమ్మంలోకి పరుగున వచ్చి ఆగిపోయారు.

"ఏంట్రా మూర్తీ, పండగపూట చెప్పాపెట్టకుండా? ఆ చొక్కా గుండీలు చూడు, ఒకటి పైనా ఒకటి కిందా!"

స్టూలు మీద కూలబడిన చప్పుడు.

"ఏమైందిరా? ఎవరికేమైంది? ఇదిగో, మంచినీళ్లు తాగు ముందు."

"నీకే... నీకే ఏమైందోనని. ఫోనెందుకు ఆపేశావక్కయ్యా?"

"ఇవాళ దానికి సెలవురా. అదిగో, పువ్వుల్లో ఉంది."

"మరి ఈ పెట్టెలు? మూడు గంటలు! ఒక్క కదలిక లేదు. పక్కవాళ్లకి చేస్తే పిఠాపురంలో ఉన్నామన్నారు. దారిపొడుగునా నేను..." స్టూలు కిర్రుమంది, ఆయన లేచారు. "అదేంటి దాని మీద?"

"పసుపు."

"పసుపేంటి!"

"అన్నిటికీ పెట్టి దీన్ని వదిలేస్తే బావుంటుందా? మూడు నెలలుగా కాపలా కాస్తోంది. ఇది మాత్రం పనిముట్టు కాదా?"

"అంతెత్తున ఎలా పెట్టేవు?"

ఆవిడ స్టూలును కాలితో గోడవైపు నెట్టిన చప్పుడు.

"స్టూలెక్కేవా?"

"నాలుగుసార్లే."

ఆయన నవ్వారో దగ్గారో గోడకు తెలియలేదు. అక్కడితో అయిపోయేదే. ఆ కాగితం సంగతి ఆయన ఎత్తలేదు. ఆవిడే ఎత్తారు.

"కాగితం ఉందా నీ దగ్గర?"

"ఇప్పుడెందుకులే అది."

"హెచ్చరిక వచ్చిందా, లేదా?"

"వచ్చిందనుకో. కానీ ఇది..."

"వచ్చింది. ఒక్క అక్షరం తప్పు కొడితే మార్కు కోసినదాన్ని నేను. కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లలకి కూడా వెయ్యలేదు. వాళ్లకో న్యాయం, నాకో న్యాయమూనా?"

పెట్టె మూత తెరుచుకుంది. మడత చీరలు ఒకదాని మీద ఒకటి మెత్తగా పడుతున్నాయి. ఆయన మే నెలనుంచీ కోరుకున్న చప్పుడు అదే.

"మిషన్లు ఆ రామారావుపేట పిల్లకిచ్చేద్దాం," అంది ఆవిడ గొంతు లోపలినుంచి, మామూలుగానే. "శ్రద్ధగా నేర్చుకుంటోంది. ఈ పెట్టెలు కూడా ఊడదియ్. ఉద్వాసన రేపే అయినా ముందు ఆ పసుపు తుడు, ఎండితే పట్టేస్తుంది. ఉండు, స్టూలు నేను పట్టుకుంటాను."

తడిగుడ్డ నా మీద ఒకసారి, రెండుసార్లు నడిచింది. ముందు ఒక అరచేతి వేడి. దాని వెనక, కిందగా, స్టూలు పట్టుకుని నిలబడ్డ ఇంకొక వేడి. ఇద్దరూ ఉన్నారు. నా పని నేను చేశాను. ఆయన జేబులో ఫోను చిన్నగా మోగింది. ఆయన స్టూలు మీదే నిలబడి దాన్ని తీసి చూశారు. చూస్తూ ఉండిపోయారు.

"ఎదురుగా నేనుంటే అందులో చూస్తావేంట్రా?"

"అలవాటయిపోయిందక్కయ్యా."

దిగి కూర్చున్నాక, అడగ్గా అడగ్గా చెప్పారు. లలిత పోయాక తెల్లవారినా లేవబుద్ధి అయ్యేది కాదట. జూలైనుంచి అయిదు నలభైకి ఫోను మోగితే లేస్తున్నారు. రెండు నిమిషాలకు వంటిల్లు అని వస్తే తనూ పొయ్యి వెలిగిస్తున్నారు. ఒంటిగంటకు అక్కయ్య వంటింట్లోకి వెళ్తే తనూ కంచం పెట్టుకుంటున్నారు.

"ఇవాళ తొమ్మిదింటినించీ నువ్వు కదల్లేదు," అన్నారు. "నేనూ కదల్లేదు. కుర్చీలోనే కూర్చున్నాను, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని."

ఆవిడ వేడి ఆయన పక్కకు జరిగింది.

"అయితే పొద్దుటినించీ ఏం తినలేదా?"

వంటింట్లోకి వెళ్లి పులిహోర, గారెలు తెచ్చిపెట్టారు. ఆయన తిన్నారు. తినడం అయ్యాక పర్సు తీసిన అలికిడి, ఆ వెంటనే కాగితం చిరిగిన చప్పుడు.

"ఏం చేస్తున్నావురా? సంతకం పెట్టిన కాగితం అది!"

"నేనూ పెట్టాను కదా. ఇక్కడ ఆరింటికి పిల్లలొస్తారని లేస్తున్నావు. మా ఇంట్లో దేనికి లేస్తావక్కయ్యా?"

ఆవిడ చీరల పెట్టె దగ్గరకు వెళ్లారు. అందులోంచి చీరలు తియ్యడం మొదలుపెట్టారు. నాలుగు మాత్రం ఉంచారు.

"నాలుగు రోజులుండి వస్తాను. నీ వంటిల్లు ఏ స్థితిలో ఉందో చూడాలి. గోడమీది ఈ పెట్టెను ఊడదియ్, తీసుకెళ్దాం."

"దాన్నెందుకు?"

"నన్ను నువ్వు చూస్తే సరిపోయిందా? నిన్నెవరు చూస్తారు?"

అలా నేను చేతులు మారాను. నా స్థానంలో కొత్తదాన్ని పెట్టమని మర్నాడు ఉద్వాసన అయ్యాక బాషాగారికి ఫోను వెళ్లింది.

సామర్లకోటలో నన్ను వంటింటి గుమ్మానికి ఎదురుగా అంటించారు. ఎక్కడ అంటించాలో హైమవతిగారు కుర్చీలో కూర్చుని చెప్పారు. స్టూలెక్కింది తమ్ముడుగారు. నాలుగు రోజులూ అయ్యాక ఆవిడ వెళ్లిపోయారు. ఇప్పుడు నా కబురు వెళ్లేది కాకినాడకు. అక్కడి కబురు ఇక్కడికి వస్తుంది. ఎవరు ఎవరికి కాపలానో తేల్చడం యంత్రాల పని కాదు.

ఇక్కడ ఉద్యోగం కొంచెం కష్టమే. హైమవతిగారు నన్ను ఏనాడూ మోసం చెయ్యలేదు. ఈయన చేస్తారు. మొన్న మంగళవారం రాత్రి ఎనిమిది కావస్తుండగా వంటింట్లోకి వెళ్లి, గ్లాసుడు నీళ్లు తాగి, వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను కదలిక అని పంపాను. అంతకంటే వివరంగా రాయడం నాకు రాదు. చదివేవారికి మాత్రం వచ్చు. నిమిషం తిరక్కుండా ఫోను మోగింది. ఆయన స్పీకరులో పెట్టుకుంటారు.

"రెండు నిమిషాల్లో అన్నం ఎలా ఉడికిందిరా?"

"పొద్దుటిది కొంచెం ఉందిలే అక్కయ్యా."

"అబద్ధం. ఉంటే తినడానికైనా పది నిమిషాలు పట్టాలి. లే. వండుకో. పావుగంటకి తగ్గితే మళ్లీ చేస్తాను."

"నాకూ టైము పెట్టేవా?"

"నిమిషానికి నలభై అయిదు మాటలు కొట్టేవాళ్లకే పెట్టాను. నువ్వెంత!"

ఆయన గొణుక్కుంటూ లేచారు. వంటిల్లు, ఏడు యాభై ఎనిమిది. ఈసారి ఇరవై రెండు నిమిషాలు బయటికి రాలేదు. గిన్నె మూత చప్పుడు, తాలింపు చిటపట, ఆ తర్వాత చాలాసేపు కంచంలో చెయ్యి కదిలే మెల్లని అలికిడి.

తొమ్మిదింటికి కంచం కడిగి బోర్లించి, హాలు దాటి వీధి గుమ్మం దగ్గరకు నడిచారు. పక్కవాటాలో ఎవరో చంటిపిల్లను జోకొడుతున్నారు. తలుపురెక్క కిర్రుమనకుండా చేత్తో పట్టుకుని, నెమ్మదిగా దగ్గరకు వేసి, గడియ పెట్టారు.