హొనోరా టియర్నీ తెల్లకాగితం

నిన్న పుట్టిన కాగితానికి నూటయాభై ఏళ్ళ వయసు తెప్పించడం నోయెలీన్‌కి ఒక పూట పని. వంటింట్లో పెద్ద బేకింగ్ ట్రే తీసి, అందులో నల్లటి టీ పోసి, కాగితాన్ని పరుండబెట్టేది. తడి కాగితం మీద అక్కడక్కడా కాఫీపొడి చల్లితే పురుగు తిన్న మచ్చలు వచ్చేవి. తర్వాత సన్నటి సెగ మీద ఓవెన్లో అయిదు నిమిషాలు. ఆరాక నలిపి, విప్పి, మడతల దగ్గర గరుకు కాగితంతో రుద్ది, అంచుల్ని కొవ్వొత్తికి చూపించీ చూపించనట్టు లాగేసేది. ఇంట్లో ప్రింటరు సిరా టీ తగిలితే ఏడ్చినవాళ్ళ కాటుకలా కారిపోతుంది గనక, ముందు లైబ్రరీకెళ్ళి జిరాక్స్ తీయించేది. ముప్పయ్యేళ్ళుగా మరింగ ఊరి నాటక సమాజానికి ప్రేమలేఖలూ, వీలునామాలూ, దొంగల్ని పట్టిస్తే బహుమానమన్న పోస్టర్లూ అన్నీ ఆ ట్రేలోంచి లేచినవే. ఆదివారం అదే ట్రేలో గొర్రెమాంసం వేయించేది.

రెండేళ్ళ కిందట ఊరి ఉత్సవానికి చారిత్రక సంఘం అధ్యక్షుడు బెవన్ ప్రాసర్ వచ్చి, తన పూర్వీకుడు కెప్టెన్ ప్రాసర్ పేరిట ఒక కరపత్రం చేసిపెట్టమన్నాడు. బెవన్ ఒకప్పుడు ఇళ్ళు అమ్మిపెట్టేవాడు. చెమ్మ పట్టిన గోడను చల్లని గది అని చెప్పి అంటగట్టగల నోరు ఆయనది. మాటలు తనే చెప్పి రాయించాడు. "ధైర్యశాలి కెప్టెన్ ప్రాసర్, మరింగ నది మీద మొట్టమొదటి పడవ దాటింపు, 1861!" తన ప్రకటనలో తననే ధైర్యశాలి అనుకునే మనిషి ఎవడుంటాడని నోయెలీన్ అడిగింది. "మా వంశంలో ఉంటారు," అన్నాడు బెవన్. ఆ మాటొక్కటే నిజం.

ఉత్సవం అయిపోయింది. కరపత్రం మాత్రం సంఘం హాల్లో అద్దాలపెట్టెలోకి ఎక్కి కూర్చుంది. కింద చీటీ: అసలు ప్రతి. నోయెలీన్ వెళ్ళి, "బెవన్, అది నా టీ కదా!" అంటే, "అబ్బ, ఊరుకోవమ్మా, అలాంటిదొకటి ఉండే ఉంటుంది కదా," అన్నాడు. ఏడాది తిరిగేసరికి అది తన నాయనమ్మ పెట్టెలో దొరికిందని బడిపిల్లలకు చెప్పడం మొదలెట్టాడు. ఇంకో ఆరు నెలలకు తనూ నమ్మేశాడు.

ఇంతలో నది మీద కొత్త కాలివంతెన కట్టారు. మొదట జనాన్ని నది దాటించినవాళ్ళ పేరే వంతెనకి పెట్టాలని మున్సిపాలిటీ తీర్మానం. ఆ మొదటివాళ్ళెవరో తేల్చాల్సింది చారిత్రక సంఘం. అంటే బెవన్.

సరిగ్గా అప్పుడే నోయెలీన్ మేనత్త పోయింది. ఆవిడ గోడమీది పెళ్ళిఫొటో ఫ్రేము ఊడదీస్తే వెనక అట్టకీ ఫొటోకీ మధ్య ఒక కాగితం. దళసరిగా, తెల్లగా, నల్లటి అచ్చుతో ఉంది. "మరింగ నదిపై పడవ. నడుపునది హొనోరా టియర్నీ, వితంతువు. పొద్దుపొడుపు నుంచి దీపాలవేళ వరకు. తాగినవారిని ఎక్కించను. మార్చి 1859." హొనోరా అంటే నోయెలీన్ తాతకి నాయనమ్మ. ఆవిడ తెడ్డు పట్టిందని ఇంట్లో కథగా చెప్పుకునేవారు గానీ, బయట అంటే జనం నవ్వేవారు. నోయెలీన్ తండ్రి ఆ నవ్వు పడలేక, చివరి రోజుల్లో ఆ కథ చెప్పడమే మానేశాడు. కాగితం చేతిలో పట్టుకుని నోయెలీన్ వంటింటి గచ్చు మీద కూలబడి భోరుమంది.

"ఏమైందే?" అంటూ వచ్చాడు భర్త డెస్.

"తాగినవాళ్ళని ఎక్కించదట, డెస్!" అంది ఏడుస్తూనే నవ్వుతూ.

"అయితే కెప్టెన్‌గారు ఈదుకుంటూ వెళ్ళుంటాడు," అన్నాడు డెస్.

మంగళవారం ఉదయం సంఘం సమావేశానికి ఆ కాగితం పట్టుకెళ్ళింది. బెవన్ దాన్ని వెలుగుకి పెట్టి చూశాడు, గోరుతో గీకాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"నోయెలీన్, మనం ఒకే బళ్ళో చదువుకున్నాం, కాబట్టి మెత్తగానే చెబుతున్నా. ఇది నిన్నమొన్నటిది."

"పెళ్ళిఫొటో వెనక చీకట్లో ఉంది బెవన్. అప్పట్లో కాగితం బట్టపీలికలతో చేసేవాళ్ళు, అది పసుపెక్కదు. పసుపెక్కేది తర్వాత వచ్చిన చెక్కగుజ్జు కాగితం."

"నీకెవరు చెప్పారు?"

"ముప్పయ్యేళ్ళుగా కాగితాల్ని పాతబెడుతున్నాను, నాకొకరు చెప్పాలా?"

"అదీ సంగతి! అందుకే నాకు అనుమానం," అన్నాడు బెవన్.

కార్యదర్శి వెర్నా అద్దాలపెట్టె వైపు చూపించింది. "మా తల్లే, పాతదంటే ఎలా ఉంటుందో కావాలంటే అది చూడు. ఎంత ముచ్చటగా చివికిపోయిందో!"

నోయెలీన్‌కి ఒళ్ళు మండిపోయింది. "అది చివికింది మా ఓవెన్లో!" అంది. అందరూ జాలిగా చూశారు. పాపం, అసూయతో ఏదో అంటోంది అనుకున్నారు. నగరానికి పంపి పరీక్ష చేయించమని బతిమాలింది. బోర్డు రాసేవాడు శుక్రవారం వస్తున్నాడనీ, అంత వ్యవధి లేదనీ బెవన్ తేల్చేశాడు. గురువారం ఉదయం ఆఖరి సమావేశం. ఈలోగా సరైన రుజువు తెస్తే చూస్తామన్నాడు.

ఇంటికొచ్చి కాగితం బల్లమీద పెట్టి కూర్చుంది. డెస్ కెటిల్ పెట్టాడు.

"ముంచెయ్," అన్నాడు.

"ఏంటి?"

"టీలో. వాళ్ళకి కావాల్సింది హొనోరా కాదు, టీ మరక. ముంచెయ్, పీడ వదులుతుంది."

"దీన్నా? చేతులెలా వస్తాయిరా నాయనా! నూట అరవై ఏళ్ళు తెల్లగా బతికింది."

"అయితే దీని తమ్ముణ్ణి ముంచు."

రోజంతా కొట్టుమిట్టాడింది. వంతెన మీద హొనోరా పేరు పడకపోతే ఇక ఎప్పటికీ పడదు. పడాలంటే అబద్ధం ఆడాలి. బుధవారం ఉదయం లైబ్రరీకెళ్ళి జిరాక్స్ తీయించింది. ట్రే దించింది. ఈసారి కసితో చేసింది. టీ రెండింతలు, కాఫీపొడి పిడికెడు, ఒక మూల కొవ్వొత్తికి ఏకంగా అప్పగించేసింది. చేసే ప్రతి పనికీ బెవన్‌ని తిట్టుకుంది. ఆరిన కాగితం చూస్తే తనకే అసహ్యమేసింది, అంత వికారంగా పాతబడింది.

గురువారం డెస్‌ని వెంటబెట్టుకెళ్ళి దాన్ని బల్లమీద పెట్టగానే అందరూ చుట్టూ మూగారు. వెర్నా కళ్ళు తుడుచుకుంది. బెవన్ వాసన చూసి, కళ్ళు మూసుకుని, "ఆహా! నది వాసన!" అన్నాడు. పొద్దున డెస్ తాగిన టీ కూడా అదే టీపొడి పొట్లంలోది. డెస్ కిటికీ వైపు తిరిగి గట్టిగా దగ్గాడు.

"చూశావా, ఇదీ అసలు కాగితమంటే," అన్నాడు బెవన్. ఆయన మరీ చెడ్డవాడేం కాదు, కాల్చిన అంచు ముందు నిజంగానే తల వంచాడు. "మరి మొన్న తెచ్చిందేంటి? ఎందుకమ్మా మమ్మల్ని తికమక పెట్టడం? అది నువ్వు చేసిందే కదూ? ఒప్పుకుంటే మినిట్స్‌లో రాసుకుని ముందుకు వెళదాం."

వెర్నా పెన్ను పట్టుకుని సిద్ధంగా కూర్చుంది. నోయెలీన్ సంచీని దగ్గరికి లాక్కుంది. సంచీలో ఆ తెల్లకాగితం ఉంది. హొనోరా తన చేతులతో అచ్చాఫీసునుంచి తెచ్చుకున్న కాగితం, తండ్రి చూడకుండానే పోయిన కాగితం. దాన్ని కాదనాలి, తన నోటితోనే.

"అవును. అది నేను చేసిన నకలు," అంది. ఆ మాట బయటికి వచ్చాక తన ముఖం తనకే చూపించుకోలేననిపించింది.

తీర్మానం అయిపోయింది. ప్రాసర్–టియర్నీ వంతెన. ప్రాసర్ ముందెందుకంటే పలకడానికి బాగుంటుందట.

"ఆ నకలు ఇటివ్వు. మళ్ళీ ఎవరూ మోసపోకూడదు," అని బెవన్ చేయి చాపాడు. సంచీలోంచి తీసి ఇవ్వక తప్పలేదు. చించేస్తాడేమోనని కుర్చీలోంచి సగం లేచింది. ఆయన చించలేదు. వెనక్కి తిప్పి, జేబులోంచి ఫౌంటెన్ పెన్ను తీసి, ప్రారంభోత్సవం విందుకి జాబితా రాయడం మొదలెట్టాడు. సాసేజీలు నూట ఇరవై, ఉల్లిపాయలు పది కిలోలు, టమాటా సాస్ నాలుగు సీసాలు.

"అబ్బో, సిరా ఎక్కడా పాకడం లేదే! ఎక్కడ కొన్నావు ఈ కాగితం?"

"కొనలేదు. మా తాతకి నాయనమ్మది," అంది నోయెలీన్.

గదంతా ఘొల్లున నవ్వింది. వెర్నాకైతే పొలమారింది. బెవన్ కూడా నవ్వుతూ వీపు తట్టి, "నీకు హాస్యం ఎక్కువేనమ్మా," అని కాగితాన్ని డెస్‌కిచ్చాడు, మాంసం కొట్టుకు వెళ్ళేది డెస్సే గనక.

నోయెలీన్ దాన్ని మధ్యలోనే అందుకుంది.

"బెవన్, కింద సంతకం పెట్టు. తేదీ కూడా."

"సాసేజీల జాబితాకి సంతకమా!"

"ఇది చరిత్ర కదా. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు నగరం నుంచి వచ్చి, ఈ కాగితాన్ని పరీక్ష చేస్తారు. అప్పుడు వెనకపక్క ఎవరు రాశారో వాళ్ళకి తెలియాలి."

ఆ మాటకి ఆయన ముఖం వెలిగిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, పూర్తి పేరు రాసి, కింద 'అధ్యక్షుడు, మరింగ చారిత్రక సంఘం' అని కూడా చేర్చి, తేదీ వేశాడు. సిరా ఆరేదాకా నోయెలీన్ పక్కనే నిలబడింది. డెస్ జాబితాని ఒక కవరు మీద ఎక్కించుకున్నాడు.

ఇంటికెళ్ళాక కాగితాన్ని మళ్ళీ పెళ్ళిఫొటో వెనక పెట్టి, ఫ్రేముకి నాలుగు మేకులూ బిగించింది.