మూత పగిలిన టీకాల పెట్టె

నేను ఒక టీకాల పెట్టెను. మందపాటి గోడలతో, నీలం మూతతో కార్ఖానాలో పుట్టాను. అప్పటి నుంచీ బెంగే. చల్లదనం తగ్గితే మందు చెడుతుంది, మరీ ఎక్కువై గడ్డకట్టినా చెడుతుంది. ఇంకో దిగులు, నాలో పెట్టినదేదీ నాతో ఉండదు. సీసాలు వెళ్లిపోతాయి, వాటి సంగతి మళ్లీ తెలియదు. నన్ను మొదట మోసిన నర్సమ్మ కూడా రిటైరైన రోజు నా పట్టీని కొత్త నర్సు విమల భుజానికి తగిలించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

విమలతో నిజామాబాద్ దగ్గరి ఒక బీడీల ఊరికి వెళ్లాను. పద్నాలుగేళ్ల ఆడపిల్లలంతా ఊరి ఆసుపత్రికి వచ్చి, గర్భసంచి మూతి క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకా వేయించుకున్నారు, తల్లి లేని మమత తప్ప. అమ్మమ్మ లస్మవ్వ వద్దందట. నాలో మమత సీసా ఒక్కటే మిగిలింది. మంచు కరుగుతోంది. విమల నన్ను భుజాన వేసుకుని ఎదురుగా ఉన్న లస్మవ్వ అరుగు దగ్గరికి నడిచింది.

లస్మవ్వ ఒళ్లో చాట, చేతిలో బీడీ చుట్టే తునికాకు. తల ఎత్తలేదు.

"మా పిల్ల మంచిది సిస్టరమ్మా. గసొంటి సూది దానికెందుకు?"

"గసొంటి అంటే ఎసొంటి, అవ్వా?"

లస్మవ్వ గొంతు తగ్గించింది. "దీని తల్లి, నా బిడ్డ భూలక్ష్మి, గర్భసంచి మూతి క్యాన్సర్‌తోనే పోయింది. అందరికి కడుపునొప్పని చెప్పిన. చెడు తిరిగినోళ్లకే అస్తదంటరు గద."

"అన్నోళ్లకేం తెల్సు? పెండ్లి చేసుకుని మంచిగ బతికినోళ్లకు గూడ ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్ సోకుతది. మొగని కాడ్నుంచే రావచ్చు. చానామందికి దానంతటదే పోతది. కొందరిల ఏండ్లకేండ్లు ఉండిపోయి క్యాన్సరైతది. భూలక్ష్మి తప్పేం లేదవ్వా."

బీడీలు చుట్టే చేతులు మాటలకు ఆగవు. పెళ్లి ముచ్చటైనా, చావు కబురైనా చుడుతూనే వింటారు. లస్మవ్వ చేతులు ఆగిపోయాయి. దారం సగం చుట్టిన బీడీ చాటలో విప్పుకుంది.

"తప్పు లేదా? మల్ల చెప్పు బిడ్డా."

విమల మళ్లీ చెప్పింది. లస్మవ్వ కళ్లు తుడుచుకుని కేకేసింది. "మమతా, నడువే ఆసుపత్రికి!"

"నొస్తదా అమ్మమ్మా?"

"నొస్తే నన్ను గిచ్చు."

సూది పడగానే మమత గిచ్చింది. "అబ్బా!" అని అరిచింది మాత్రం లస్మవ్వే.

ఇప్పుడు నా మూత పగిలింది. ఆసుపత్రి వరండాలో పీటనయ్యాను. మొన్న లస్మవ్వ తన చిన్న కూతురిని ఆ క్యాన్సర్ పరీక్షకు తీసుకొచ్చి నా మీదే కూర్చుంది. విమల అడగకముందే, వరుసలో వాళ్లందరికీ వినబడేలా చెప్పింది.

"మా పెద్దబిడ్డ భూలక్ష్మి గర్భసంచి మూతి క్యాన్సర్‌తోటి పోయింది. గీమెను రోగం రాకముందే చూడు."

వరుసలో ఒకామె తన కోడలిని కూడా పిలుచుకొస్తానని లేచి వెళ్లింది. వెళ్లేవాళ్లను చూసి నేను దిగులుపడకపోవడం అదే మొదటిసారి.