అవునా, కాదా

"చిన్నతనంలో జరిగిన బాధాకరమైన సంఘటన దేన్నైనా పూర్తిగా మరిచిపోయి, తర్వాత గుర్తు తెచ్చుకున్నారా? అవునా, కాదా చెప్పండి."

ఫోన్ సర్వే చేసే ఆవిడ పొద్దుట్నుంచీ ఇదే ప్రశ్న చదువుతోంది. హెడ్‌సెట్ స్పాంజి చెమటకు తడిసి చెవికి అంటుకుంటోంది. కంప్యూటర్ తెర మీద గళ్ళు రెండే.

"మరిచిపోవడమా, తలుచుకోకపోవడమా? రెండూ ఒకటి కాదుగా," అన్నాడు అవతల ముసలాయన.

"ఏదో ఒకటి చెప్పండి సార్."

"అయితే అవుననే రాసుకోండి."

ఆమె 'అవును' నొక్కింది. ఇలాంటి జ్ఞాపకాలు నిజమా, అడగ్గా అడగ్గా పుట్టినవా అని పెద్ద చదువుల వాళ్ళు పోట్లాడుకుంటున్నారట. ఈ గళ్ళు లెక్కపెట్టి తేలుస్తారట. సూపర్‌వైజర్ చెబితే విని ఊరుకుంది.

కానీ ఈమధ్య ప్రశ్న చదువుతుంటే ఓ చీకటి గది కళ్ళ ముందుకొస్తోంది. గోనెసంచుల వాసన. బయట గడియ పడ్డ చప్పుడు. "నోర్ముయ్" అంటూ బాబాయి గొంతు. అమ్మా నాన్నా పోయాక అక్కనీ తననీ పెంచింది ఆ బాబాయే. ఇప్పుడు అక్క ఇంట్లో మంచాన పడి ఉన్నాడు. ఈ గది గుర్తొచ్చినప్పటి నుంచి ఆమె చూడటానికి వెళ్ళలేదు.

మధ్యాహ్నం మెట్ల దగ్గర నిలబడి అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, చిన్నప్పుడు బాబాయి నన్ను సామాన్ల గదిలో పెట్టి గడియ వేసేవాడు కదూ?"

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నిన్ను కాదే, నన్ను. నువ్వు బయట తలుపు బాదుతూ ఏడ్చేదానివి."

"లోపలి వాసన కూడా గుర్తుందక్కా నాకు!"

"నేనే చెప్పానేమో. అప్పుడు నీకు తప్ప ఎవరికి చెప్పుకున్నాను?"

"మరి మధ్యలో మరిచిపోయావా?"

"మరిచిపోలేదు. తలుచుకుంటే ఆయన నోట్లో ముద్ద పెట్టలేను. అందుకని తలుచుకోను." మళ్ళీ గిన్నెలు తోముతూ, "సాయంత్రం రా. నీకోసం అడుగుతున్నాడు," అంది.

ఆమె మళ్ళీ కుర్చీలో కూర్చుని ప్రశ్న చదివింది, జవాబులు నొక్కింది. తనకు జరగనిది తనకు గుర్తుంది. అక్కకు జరిగింది ఏ గడిలోనూ పట్టదు.

పని ముగిసి బ్యాగు సర్దుకుంటుండగా అక్క ఫోన్ చేసింది.

"బాబాయి పోయాడే. ఇందాకే, నిద్రలోనే."

ఆమె వెళ్ళేసరికి ఆయన్ని ముందు గదిలోకి తెచ్చారు. అక్క ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఏడుపు ఎవరి వంతో, కోపం ఎవరి వంతో తెలియక లోపలి గదిలోకి వెళ్ళింది. ఖాళీ మంచం పక్కన, స్టూలు మీద దగ్గుమందు సీసా ఉంది; పక్కనే దాని మూతలో, ఆయన లేచాక తాగించాలని అక్క అంచుదాకా పోసి ఉంచిన మందు.