వెనక్కి తిరిగిన గుర్రం

పాతకాలపు కోటయుద్ధం మీద సినిమా తీయడానికి దర్శకుడికి మూడేళ్లు పట్టింది. యుద్ధం ఎంత పనికిమాలినదో లోకానికి చెప్పాలని ఆయన పంతం. అందుకే చివర్లో, శవాల మధ్య నిలబడ్డ సేనాధిపతి చేత పెద్ద ఉపన్యాసం ఇప్పించాడు. ఆ మాటల కోసం నెల రోజులు సరిగ్గా నిద్రపోలేదు.

విడుదలైన మూడో రోజు మధ్యాహ్నం ఆటకి ఎడిటరమ్మను వెంటబెట్టుకొని వెళ్లి, టోపీ కళ్ల మీదికి లాక్కొని, హాల్లో వెనక వరసలో కూర్చున్నాడు.

తెర మీద బూరలు మోగాయి. గుర్రాలన్నీ ముందుకు దూకాయి. ఒక్క బూడిదరంగు గుర్రం మాత్రం రౌతు ఎంత లాగుతున్నా వినకుండా వెనక్కి తిరిగి, తీరిగ్గా నడుచుకుంటూ పోయింది. హాలు హాలంతా లేచి ఈలలు వేసింది.

"ఆ ముక్క తీసెయ్యమన్నానా లేదా?" దర్శకుడు పళ్లు నూరాడు.

"అన్నారు. నేనే వినిపించుకోలేదు," అంది ఎడిటరమ్మ.

తర్వాత ఉపన్యాసం వచ్చింది. ముందు వరసాయన కాళ్లతో చెప్పులు వెతుక్కున్నాడు. పక్కనున్నావిడ మనవరాలిని తట్టి, "లేమ్మా, అయిపోవచ్చింది," అంది.

దీపాలు వెలగగానే హాలు మేనేజరు దర్శకుడిని గుర్తుపట్టి, ముందుకు లాక్కుపోయి చేతిలో మైకు పెట్టాడు. చేతికర్రతో ఒక ముసలాయన లేచాడు. ఒకప్పుడు సైన్యంలో చేశాడట.

"అయ్యా, ఆ గుర్రం ఆలోచన మీకెలా వచ్చింది? మా దళంలో ఒక కంచరగాడిద ఉండేది. కాల్పులు మొదలవగానే సరిగ్గా అలాగే వెనక్కి తిరిగింది. దాన్ని కొట్టి ముందుకు తోలాను. మా ఇద్దరిలో బుద్ధున్నది దానికేనని ఇవాళ తెలిసింది."

మూడేళ్లుగా దర్శకుడు వినాలనుకున్న మాట అదే. కానీ ఆ ఘనత గుర్రానిదైపోయింది.

"అది... ఎంతో మథనపడి..." అని మొదలుపెట్టాడు. వెనక నుంచి ఎడిటరమ్మ గట్టిగా దగ్గింది.

"నిజం చెప్పేస్తున్నానండీ. దానికి ఆకలేసింది. గడ్డిమోపు అటువైపుంది. అంతే!" అనేశాడు దర్శకుడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

"ఎంత అణకువ!" అన్నారెవరో.

"రాజ్యం కన్నా గడ్డిపరక మేలని! ఆహా!" ఇంకో గొంతు.

"అయ్యో, కాదండీ బాబూ! నిజంగానే గడ్డి!" ఆయన ఎంత మొత్తుకుంటే చప్పట్లు అంత పెరిగాయి.

బయట టీకొట్టు దగ్గర ముసలాయన మళ్లీ తగులుకున్నాడు. ముగ్గురూ బల్ల మీద కూర్చున్నారు. ఆ గాడిద తెలివి గురించీ, దాని మొండితనం గురించీ ఆయన చెబుతుంటే దర్శకుడు ఉపన్యాసాల సంగతే మరిచిపోయి నోరు తెరుచుకొని విన్నాడు.

"అన్నట్టు ఒక్క సందేహం బాబూ," అన్నాడు ముసలాయన, గ్లాసు కింద పెడుతూ. "చివర్లో ఆ సేనాధిపతి అంతసేపు ఒంటరిగా మాట్లాడతాడే, యుద్ధంలో మతి పోయిందని చూపించడానికేనా?"

దర్శకుడు కూడా గ్లాసు కింద పెట్టాడు.

"అవునండీ. సరిగ్గా అందుకే పెట్టాను."

ఎడిటరమ్మకు టీ పొలమారింది.