అనివార్య వ్యక్తిగత కారణాలు

ఆదివారం పొద్దున సుకుమారి పెరట్లో చేపల పొలుసు తీస్తుంటే, మొగుడు పెంచలప్రసాద్ ఎదురుగా కుర్చీ వేసుకుని కాగితం చదివి వినిపించాడు.

"గౌరవనీయులైన అధికారిగారికి సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా, అనివార్య వ్యక్తిగత కారణాల వల్ల, నా అజాగ్రత్త మూలంగా, నేను ఇరవై ఐదు నిమిషాలు సీటులో లేకపోవడం జరిగినది. ఇందుకు మిక్కిలి చింతిస్తూ, తమరు పెద్దమనసుతో..."

అది ఆమెకు వచ్చిన మెమోకు జవాబు. రోజూ ఆత్మకూరులో బస్సెక్కి ఉదయగిరి పోయి, అక్కడొక ప్రభుత్వాఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తుంది సుకుమారి. గురువారం సీట్లో కనపడలేదని ఆఫీసరు రామనారాయణ మెమో ఇచ్చాడు. ఆత్మకూరు ఆఫీసుల్లో రాతకోతలకు పెంచలప్రసాద్‌ను మించినవాడు లేడని పేరు. జవాబు తనే రాస్తానన్నాడు.

"అజాగ్రత్త ఏందండీ? నేను ఒంటికి పోయినాను."

"ఛీ! అట్టాంటివి రాస్తారా ఎవురైనా? మర్యాదగా రాసినాను, సంతకం పెట్టు. ముందు చెయ్యి కడుక్కో, కాగితం కంపు కొట్టుద్ది."

ఆమె కడుక్కోలేదు. కంపు చేతికి కాదు, ఆ కాగితానికే ఉంది. ఆఫీసులో ఉన్న ఒక్క మరుగుదొడ్డి ఆఫీసరు గదిలో, తాళం వేసి ఉంటుంది. మగవాళ్ళకు వెనక గోడ ఉంది. ఆమె మాత్రం వెనకవీధిలో మిషను కుట్టే మాలకొండమ్మ ఇంటికి పోవాలి, వాళ్ళాయన స్నానం చేస్తుంటే గడపలో నిలబడాలి. పొద్దున నింపుకున్న నీళ్ళసీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తుంది. మూత్రంలో రక్తం పడితే ఈయన సెలవుచీటీలో 'స్వల్ప అస్వస్థత' అని రాశాడు. ఐదో నెలలో కడుపు పోయినప్పుడూ 'అనారోగ్య కారణాలు'. చెంప మీద కొట్టిన రోజు అత్త అడిగితే, "మాటామాటా పెరిగి చెయ్యి తగలడం జరిగిందిలే" అన్నాడు. జరిగింది. ఈ ఇంట్లో ఎవరూ ఏమీ చెయ్యరు, అన్నీ వాటంతటవే జరిగిపోతాయి. తెల్లారకముందే లేచి ఆమె చేసే చాకిరీ కూడా బంధువుల ముందు 'చేదోడువాదోడు' అయిపోతుంది. పదిహేనేళ్ళు ఈ మాటల కిందే పడి ఉన్నానా అనుకుంటే ఆమెకు తన మీద కూడా రోత పుట్టింది.

సోమవారం బస్సులో, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, తెల్లకాగితం మీద తనే రాసింది.

"ఆఫీసులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. గురువారం వెనకవీధిలో ఒకరింటికి ఒంటికి పోయి వచ్చేసరికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది."

రామనారాయణ చదివి, కాగితాన్ని చూపుడువేలి కొసతో ఆమె వైపు తోశాడు.

"ఏందమ్మా ఇది? మీ ఆయన అంత బాగా రాస్తాడే, ఆయన చేత రాయించలేకపోయినావా? రేపు పైవాళ్ళు చూసే ఫైలు. ఆ మాటలు తీసేసి 'వ్యక్తిగత అవసరం' అని పెట్టు. మెమో ఈ పొద్దే క్లోజ్ చేస్తాను."

ఒక్క మాట మారిస్తే అయిపోతుంది. ఇంట్లో కూడా గొడవ ఉండదు. రామనారాయణ వెనక దొడ్డి తలుపుకు తాళం వేలాడుతోంది, లోపలినుంచి ఫినాయిలు వాసన వస్తోంది. ఆమె అక్కడే, ఆయన బల్ల మీదే వంగి, కింద ఇంకో రెండు వాక్యాలు చేర్చింది.

"ఆ రోజు నేను ముట్టులో ఉన్నాను. ఆఫీసరుగారి గదిలోని దొడ్డికి తాళం వేసి ఉంది."

తలకిందులుగానే చదువుకున్న రామనారాయణ ముఖం కందగడ్డ అయింది. "ఆడదానివి, సిగ్గుండబళ్ళా?"

"ఇంకా ఏదన్నా అర్థం కాకుంటే చెప్పండి సార్, రాస్తాను."

ఆమె కాగితం తీసుకుని టపా సెక్షనుకు పోయింది. ముసలి గుమాస్తా వెంగయ్య రిజిస్టరు తెరిచి, నంబరు వేసి, కలం ఎత్తి పట్టుకున్నాడు.

"విషయం కాడ ఏం రాయమంటావమ్మా? మెమోకు సంజాయిషీ అని రాద్దునా?"

"సంజాయిషీ కాదు, ఫిర్యాదు. ఆడవాళ్ళకు దొడ్డి లేదని రాయి వెంగయ్యా."