ఎంత లోతు తవ్వారు?

ప్రశ్న అడగకముందే జవాబు అచ్చయి ఉంది.

"మరుగుదొడ్డి వాడుతున్నారా? లేదు. కారణం: అలవాటు లేకపోవడం."

ఎనభై రెండో సంవత్సరం, ఎండాకాలం. ఖిలా వరంగల్‌కు ఇవతల, రైలు పట్టాల పక్క వడ్డెర బస్తీలో మున్సిపల్ ఆఫీసర్ కిషన్ రావు ఆ కాగితాల మీద వేలిముద్రలు వేయిస్తున్నాడు. రేషన్ కార్డుల కోసమేమో అనుకొని ఆడవాళ్ళు వరసలో వచ్చి సిరాలో బొటనవేలు అద్ది పోతున్నారు.

పక్కన నిలబడ్డ రత్నానికి చదువు వచ్చు. అదే వచ్చిన చిక్కు. వీధులూడ్చే ఏసమ్మ కొడుకు అతను, ఇంట్లో మొదటి బీ.ఏ. బస్తీలు బాగుచేసే పథకం ఎట్లా నడిచిందో ఇంటింటికీ తిరిగి అడిగి కౌన్సిలుకు రిపోర్టు తయారుచేయాలని మూడు నెలల కొలువిచ్చారు. లోపం జనానిదేనని తేలిందా, ఈ బస్తీ పేరు పథకంలోంచి కొట్టేస్తారు. ఇప్పటికే కట్టిన పదహారు మరుగుదొడ్లతోనే కథ ముగుస్తుంది. ఆడవాళ్ళు ఎప్పటిలాగే పట్టాల మీదికే పోవాలి. పోయిన నెల నిండు చూలాలు సమ్మమ్మ అక్కడే గూడ్సు బండి కింద పడి చచ్చిపోయింది.

రత్నం ఆ లైను బిగ్గరగా చదివాడు. వరస ఆగింది.

సమ్మమ్మ అత్త మొగిలమ్మ వేలి సిరాను కొంగుకు తుడుచుకుంది. "మల్ల సదువు కొడుకా."

మళ్ళీ చదివాడు.

"నా కోడలు సచ్చింది గూడ అలవాటు లేకనేనా సారూ?"

కిషన్ రావు తడబడలేదు. దొడ్లలో పిడకలు పేర్చుకున్నది మీరు కాదా, నా కళ్ళతో చూశానన్నాడు. ముసలి గట్టయ్య నవ్వాడు.

"నీళ్ళు పోస్తే కాళ్ళ మీదికే ఎదురొస్తన్నయ్. పిడకలైతే ఎదురు రావు. అందుకే పెట్టినం."

అందరూ నవ్వారు గానీ మొగిలమ్మ నవ్వలేదు. గుడిసెలోకి పోయి గడ్డపార తెచ్చింది. మొదటి దొడ్డిలో గుంత మీద కప్పిన సిమెంటు పలకను దాని మొనతో రెండు చోట్ల తట్టి చెవి పెట్టి విన్నది. నేల తవ్వి బతికే మనుషులు వాళ్ళు. కింద బోలు ఉందో లేదో చప్పుడే చెబుతుంది. ఇక్కడ చప్పుడు గట్టిగా వచ్చింది. కాంట్రాక్టరు సారంగపాణి వీళ్ళలో ఒక్కరికీ ఇక్కడ పని ఇవ్వలేదు. బస్తీ అంతా కాలువ పనికి వలస వెళ్ళినప్పుడు పైమనుషుల్ని తెచ్చి కట్టించాడు. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది.

పలక పగిలితే సర్కారు ఆస్తి ధ్వంసం కేసు అవుతుందని కిషన్ రావు అన్నాడు. జనంలో గొడవ లేచింది. పెద్దోళ్ళతో మనకెందుకు, గుడిసెలు పీకిస్తే ఎటు పోతమని మగవాళ్ళు కొందరు వెనక్కి గుంజారు. పట్టాల మీదికి పొయ్యేది మీరా మేమా అని ఆడవాళ్ళు ఎదురు తిరిగారు. గుంజినవాళ్ళు పక్కకు జరిగారు.

నాలుగు పోట్లకు పలక విరిగింది. కింద జానెడు ఇసుక, ఆ కింద ఎన్నడూ పార తగలని మొరం నేల.

"మేం గుంత తవ్వితే నడుమ ఒక దిమ్మ తవ్వకుంట ఇడుస్తం," అన్నది మొగిలమ్మ. "ఎంత లోతు తవ్వినమో అదే సాచ్చం. ఈడ సూడున్రి. అంతా దిమ్మే ఉన్నది. గుంతే లేదు."

రత్నం ఒక కాగితం మీద 'అలవాటు లేకపోవడం' కొట్టేసి 'గుంత లేదు' అని రాశాడు. ఇందాక వేలు అద్ది పోయిన ఆడవాళ్ళే తిరిగొచ్చి దాని కింద ముద్రలు వేశారు. నీ కొలువు పర్మనెంటు చేయిద్దామనుకున్నాను, మీ అమ్మ ముఖమైనా చూడమని కిషన్ రావు చెవిలో అన్నాడు. రత్నం తల్లినే తలుచుకున్నాడు. ఆమె జన్మంతా ఊడ్చింది ఎవరి మలినమో తెలిసినవాడు అతను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కిషన్ రావు పంపిన కబురుకు పోలీసు జీపు వచ్చింది. పలక పగలగొట్టినట్టు పంచనామా రాయమని ఎస్సై కానిస్టేబుల్‌కు చెప్పాడు.

"పలక కింద ఏమున్నదో గూడ రాయాలె సార్," అన్నాడు రత్నం. "సాక్షి సంతకం నేను పెడత."

"నువ్వు సర్కారు మనిషివి గాదురా?"

"సర్కారు పంపితేనే వచ్చిన సార్, ఉన్నదేందో రాయనీకె."

ఎస్సై అతని చొక్కా పట్టి జీపులోకి తోశాడు. మొగిలమ్మను ఎవరూ తోయలేదు. తానే ఎక్కి కూర్చుంది. జనం బెదరలేదు. గట్టయ్య గడ్డపార అందుకొని రెండో దొడ్డి దగ్గరికి నడిచాడు. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక చంటిపిల్లలను చంకనేసుకున్న ఆడవాళ్ళు. బస్తీలోని గడ్డపారలన్నీ బయటికొచ్చాయి.

కానిస్టేబుల్ కలానికి మూత పెట్టబోయాడు.

"మూయకున్రి సారూ," అన్నాడు గట్టయ్య. "ఇంక పదిహేను ఉన్నయ్. రాసుకుంట రాన్రి."