కవచం డెస్కు

ఇంట్లో మొట్టమొదట డిగ్రీ పాసైంది కాబట్టి ఆమెను అందరూ ‘డిగ్రీ’ అనే పిలిచేవారు. ఒక డేటింగ్ యాప్‌ కంపెనీలో, సభ్యుల భద్రత చూసే విభాగంలో ఉద్యోగం. ఆ విభాగానికి కంపెనీ ముద్దుగా ‘కవచం’ అని పేరు పెట్టుకుంది. గోడ నిండా డాలు బొమ్మ, దాని కింద ముగ్గురంటే ముగ్గురు మనుషులు.

పని తేలికే. ఎవరిమీదనైనా ఒకామె ఫిర్యాదు చేస్తే, అతను ఆమెకు కనిపించకుండా పోయే మీట నొక్కాలి. ఫిర్యాదు తీరిపోయినట్టు వెంటనే పచ్చబడుతుంది. ఆ పెద్దమనిషి మాత్రం మిగతా ఆడవాళ్లందరికీ నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటాడు. ఫిర్యాదు చేసినామెకు ‘జనం ఉన్న చోటే కలవండి’ అనే సలహా కార్డు, కింద గులాబీ బొమ్మ. జనం ఉన్న చోట కలిశాకే ఇదంతా జరిగిందని ఆమె మళ్లీ రాస్తే, గులాబీ లేకుండా అదే కార్డు.

ఆ మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. బట్టలు కుట్టి డిగ్రీని చదివించిన అక్క. పెళ్లి పెటాకులయ్యాక, ఇన్నాళ్లకు ఒకరిని ఆ సాయంత్రం మెయిన్ రోడ్డు కాఫీ షాపులో కలుద్దామనుకుంటోంది.

“ఫోటో పంపాను చూడవే. మీ యాప్‌లోనే. నీలం టిక్కు కూడా ఉంది!”

ఫోటో చూడగానే డిగ్రీ గుర్తుపట్టింది. పోయిన వారం తన చేత్తో పచ్చబరిచిన ఫిర్యాదులోని మనిషి. కాఫీ తాగాక ఒకామెను ఇంటిదాకా వెంబడించి, తలుపులు బాదినవాడు. నీలం టిక్కంటే, ఫోటోలో మొహం అతనిదేనని కంపెనీ ఇచ్చే హామీ. ఆ మొహం వెనక ఏముందో కంపెనీ అడగదు. అడిగితే మర్యాదగా ఉండదు.

“వాడొద్దక్కా.”

“ఎందుకు? నీకెలా తెలుసు?”

ఫిర్యాదు సంగతి బయటపెడితే ఉద్యోగం ఊడుతుంది. “ఊరికే, చూస్తే నచ్చలేదు” అంది డిగ్రీ.

“నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి మీ అందరికీ ఏదో ఒక వంక” అని అక్క ఫోన్ పెట్టేసింది.

డిగ్రీ సూపర్‌వైజర్ దగ్గరికి పరుగెత్తింది. “ఇతన్ని తీసేద్దాం సార్.”

“ఎలా తీసేస్తామమ్మా? ఠంచనుగా చందా కట్టే మనిషి.”

“ఒకామె వెంటపడ్డాడు కదా సార్!”

“యాప్‌లోనా, వీధిలోనా?”

“వీధిలో.”

“వీధి మనది కాదు కదమ్మా.”

“ఇవాళ సాయంత్రం మా అక్క కలవబోతోంది సార్.”

ఆయన మొహంలో నిజంగానే జాలి కనిపించింది. “అయ్యయ్యో! కార్డు పంపు.”

డిగ్రీ బ్యాగు తీసుకుని సరాసరి కాఫీ షాపుకే వెళ్లింది. అక్క పక్కన కుర్చీ లాక్కుని, అతని ఎదురుగానే మొత్తం చెప్పేసింది. అతను కాదనలేదు. చిరునవ్వు చెదరకుండా ఫోన్ తీశాడు.

“నా సంగతులు బయటపెట్టడానికి నువ్వెవరు? ఇప్పుడే కంప్లయింట్ ఇస్తాను.”

అక్క లేచి నిలబడింది. “పదవే.”

ఇద్దరూ ఎక్కిన ట్యాక్సీ వీధి మలుపు తిరగకముందే సూపర్‌వైజర్ ఫోన్. ఒక సభ్యుడి భద్రతకు భంగం కలిగించినందుకు రేపటినుంచి రానక్కర్లేదట. కవచం అంత చురుగ్గా పనిచేయడం డిగ్రీ ఎన్నడూ చూడలేదు.

అక్క వెనక అద్దంలోంచి రోడ్డు చూస్తోంది. “నా కుట్టు షాపు ఎక్కడో చెప్పానే వాడికి.”

“రేపు నేనూ వస్తాలే షాపుకి” అంది డిగ్రీ. “ఎలాగూ ఖాళీయే కదా.”